ఫేస్‌బుక్, వాట్సాప్ లేని రోజుల్లో ఇంటర్నెట్‌లో మనుషులు ఎలా కలిసేవారు? – నేను చూసింది, చేసింది

ప్రశ్న చూశాను. సోషల్ మీడియా పుట్టకముందు ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంటర్నెట్‌లో ఎలా పరిచయమయ్యేవారు, ఆ పరిచయం ఒక సంఘంలా ఎలా నిలబడింది అని అడిగారు. పదో తరగతి బ్యాచ్ కోసం మీరు పెట్టిన వాట్సాప్ గ్రూపు ఆరు నెలలకే గుడ్ మార్నింగ్ బొమ్మల దగ్గర ఆగిపోయిందని, పాతవాళ్ళు ఏం చేశారో తెలిస్తే పనికొస్తుందేమోనని కూడా రాశారు. ఆ రెండో మాట చదివాకే ఇంత పొడుగు సమాధానం రాయాలనిపించింది.

నేను 1992లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళాను. అప్పటి నుంచి పదేళ్ళకు పైగా యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపుల్లో (విషయానికొకటిగా ఉండే చర్చా గుంపులు), ఈమెయిలు లిస్టుల్లో (ఒకరు రాస్తే చేరినవాళ్ళందరికీ వెళ్ళేవి) తిరిగాను. ఒక లిస్టుని కొంతకాలం దగ్గరుండి చూసుకున్నాను. ఆ అనుభవంతో చెప్పేది ఒక్కటే. ఆ చోటు ఎవరి సొంతమూ కాదు. జీతం తీసుకుని దాన్ని నడిపే కంపెనీ లేదు. అందుకని కట్టుబాట్లు, పేర్లు, ఓట్లు, మన తెలుగువాళ్ళ విషయంలో అయితే చివరికి అక్షరాలు కూడా, వాడుకునేవాళ్ళే తయారుచేసుకోవలసి వచ్చింది. ఆ పని కలిసి చేస్తూ చేస్తూ మనుషులు దగ్గరయ్యారు. ముందు స్నేహం, తర్వాత పని కాదు. ముందు పని, దాని వెనకాల స్నేహం.

కాస్త వెనక్కి వెళ్తాను. 1973లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, లియోపోల్డ్స్ రికార్డ్స్ అనే గ్రామఫోన్ రికార్డుల షాపు మెట్ల పైన, టైపు చేసిన మాటల్ని తీగ మీద దూరానికి పంపే టెలిటైప్ యంత్రం ఒకటి పెట్టారు. కమ్యూనిటీ మెమొరీ అని దాని పేరు. చప్పుడు ఎక్కువ చేస్తుందని దాని చుట్టూ అట్టపెట్టె బిగించారు. చేతులు పెట్టడానికి రెండు కన్నాలు, చూడడానికి పైన ఒక కిటికీ. అక్కడ అంతకుముందు సంగీతం వాయించేవాళ్ళు కాగితాలు అంటించుకునే నోటీసు బోర్డు ఉండేది. బ్యాండుకి మనిషి కావాలి, గిటారు అమ్ముతాం, ఇలాంటివి. అవే మాటలు ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న కంప్యూటరుకి వెళ్ళడం మొదలైంది. మంచి బేగెల్ రొట్టె ఎక్కడ దొరుకుతుందని ఒకరు అడిగితే కొందరు దుకాణాల పేర్లు చెప్పారు. ఇంకొకరు, బేగెల్ చెయ్యడం నేర్పే మనిషి ఉన్నాడు, కావాలంటే ఫోన్ చెయ్యండి అని నంబరు ఇచ్చారు. ఈ మొత్తం చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ముచ్చట ఇది. దుకాణం అడిగితే నేర్పే మనిషి దొరికాడు. ఇంటర్నెట్ మంచిగా ఉన్న రోజున చేసిందంతా ఇదే.

తర్వాత 1978 జనవరిలో షికాగోలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. ఇంట్లో ఇరుక్కుపోయిన వార్డ్ క్రిస్టెన్‌సెన్, తన మిత్రుడు ర్యాండీ స్వెస్‌తో కలిసి ఫోన్ లైనుకి కంప్యూటరు తగిలించి నోటీసు బోర్డు లాంటిది చేశాడు. ఫిబ్రవరి 16న అది అందరికీ తెరిచారు. బీబీఎస్‌లు, అంటే బులెటిన్ బోర్డ్ సిస్టమ్‌లు, అవే. ఒకే లైను, ఒకసారికి ఒకే మనిషి. ఒకళ్ళు మాట్లాడి ఫోన్ పెట్టేస్తేగాని ఇంకొకళ్ళకి దొరకదు. కంప్యూటరుని ఫోన్ లైనుకి కలిపే పరికరం మోడెమ్, దాని వేగం అప్పట్లో 300 బాడ్, అంటే సెకనుకి ముప్ఫై అక్షరాలు. రెండున్నర వేల అక్షరాల ఉత్తరం అవతలికి చేరడానికి దాదాపు నిమిషంన్నర పట్టేది. స్క్రీన్ మీద అక్షరం వెనక అక్షరం నడిచి వస్తుంటే చదువుకుంటూ కూర్చోవడమే.

ఇక నేను పెరిగిన చోటు యూజ్‌నెట్. దాని పుట్టుక తెలిస్తే మిగతాది సులభంగా అర్థమవుతుంది. 1979లో ఇంటర్నెట్‌కి ముందు తరమైన, అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచే ఆర్పానెట్‌లో కొన్ని యూనివర్సిటీలకే చోటు ఉండేది. ఆ అవకాశం లేని డ్యూక్ యూనివర్సిటీలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు, యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న యంత్రాలు ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోగలిగినప్పుడు మనుషుల మాటలు మాత్రం ఎందుకు ఇచ్చిపుచ్చుకోకూడదు అనుకున్నారు. పక్కనే ఉన్న నార్త్ కరొలైనా యూనివర్సిటీలో స్టీవ్ బెలోవిన్ మొదటి ప్రోగ్రాము రాశాడు. 1980లో అది బయటివాళ్ళకీ తెలిసింది. బీదవాళ్ళ ఆర్పానెట్ అని దానికి పేరు.

అది పనిచేసే తీరు వినండి. మీరు రాసిన మాట మీ యూనివర్సిటీ యంత్రంలో పడుతుంది. రాత్రి ఫోన్ చార్జీలు తగ్గాక ఆ యంత్రం పక్క యంత్రానికి ఫోన్ చేసి, నీ దగ్గర లేనివి ఇవిగో అని ఇస్తుంది. అది ఇంకో యంత్రానికి. అలా చేతులు మారుతూ, దేశం ఆ చివరికి వెళ్ళేసరికి ఒక రోజో రెండు రోజులో గడిచేది. ఈమెయిలు అడ్రసు కూడా అప్పట్లో దారి మొత్తం చెప్పేది. ఫలానా యంత్రం, ఆశ్చర్యార్థకం గుర్తు, దాని పక్క యంత్రం, మళ్ళీ ఆశ్చర్యార్థకం, అలా చివరికి మనిషి పేరు. మన పల్లెల్లో రావిచెట్టు పక్క సందులో మూడో ఇల్లు అని దారి చెప్పినట్టే. ఈ ఫోన్ బిల్లులు ఎవరు కట్టారు? ఆ యంత్రాలున్న యూనివర్సిటీలు, కంపెనీలు. వాటిని చూసుకునే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు పై అధికారులకి నచ్చజెప్పి కట్టించారు. ఆ మనుషులు లేకపోతే ఏదీ లేదు.

మరి ఎవరిదీ కాని చోట ఏ గుంపు ఉండాలి, ఏది ఉండకూడదు అని ఎవరు నిర్ణయించాలి? 1987లో గుంపుల పేర్లన్నీ మార్చి కంప్యూటర్లకి ఒక పాయ, సైన్సుకి ఒకటి, వినోదానికి ఒకటి, సమాజానికి ఒకటి అని విభజించారు. దాన్ని గ్రేట్ రీనేమింగ్ అంటారు. కొత్త గుంపు కావాలంటే ముందు ప్రతిపాదన పెట్టి కొన్ని వారాలు చర్చ జరపాలి. తర్వాత ఈమెయిలు ఓట్లు. వద్దన్నవాళ్ళ కంటే కావాలన్నవాళ్ళు కనీసం వంద మంది ఎక్కువ ఉండాలి, పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు కావాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు, అందరూ ఒప్పుకున్న ఆచారం, అంతే. ఒప్పుకోనివాళ్ళు కూడా ఉన్నారు. తన వంటకాల గుంపుని ఈ మార్పుల్లో ఇష్టం లేని చోటికి నెడుతున్నారని బ్రయన్ రీడ్ అనే ఆయన, జాన్ గిల్‌మోర్ లాంటి ఇంకొందరితో కలిసి ఓట్లు అవసరం లేని ఆల్ట్ అనే పాయ మొదలుపెట్టాడు. వంట దగ్గర వచ్చిన తగాదాతో మొదలైన ఆ పాయలో తర్వాత్తర్వాత వేల గుంపులు పుట్టాయి.

మర్యాదల గురించి చెప్తాను, మీకు పనికొచ్చేది ఇక్కడే ఎక్కువ ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళు వెంటనే మాట్లాడకూడదు. కొన్నాళ్ళు ఊరికే చదవాలి. అలా చదువుతూ ఉండేవాళ్ళని లర్కర్లు అనేవారు, ఆ మాటలో చిన్నచూపు లేదు. జవాబు రాసేటప్పుడు అవతలివాళ్ళ మాట మొత్తం మోసుకు రాకుండా, మీరు జవాబిచ్చే వాక్యం మాత్రం ఉంచాలి. ఆ వాక్యం ముందు > అనే గుర్తు ఉంటుంది, దాని కింద మీ మాట. సంతకం నాలుగు లైన్లు మించకూడదు. ఇతరులు నొచ్చుకునే జోకు రాస్తే అందులో ప్రతి ఇంగ్లీషు అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరిపి తారుమారు చేసి పెట్టేవారు. చదవాలనుకున్నవాళ్ళు ఒక మీట నొక్కి మామూలు అక్షరాలు చేసుకుంటారు, వద్దనుకున్నవాళ్ళు దాటిపోతారు. ఎవరి నోరూ మూయించకుండా, ఎవరి కళ్ళ ముందుకీ తోయకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇంత తెలివైన ఏర్పాటు తర్వాత మళ్ళీ నేను చూడలేదు.

:-) అన్న గుర్తు కూడా ఇలాంటి అవసరంలోంచే వచ్చింది. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ బోర్డులో ఎవరో లిఫ్టులో పాదరసం ఒలికిందని సరదాకి రాశారు. కొందరు నిజమనుకుని కంగారుపడ్డారు. మొహం కనబడనప్పుడు హాస్యం ఏదో నిజం ఏదో ఎలా తెలుస్తుందని చర్చ జరుగుతుంటే, సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్‌మన్ ఈ గుర్తు వాడదామని రాశాడు. ఆ పోస్టు తర్వాత ఎక్కడో పోయింది. ఇరవై ఏళ్ళకి, 2002లో, పాత బ్యాకప్ టేపులు తవ్వి దాన్ని బయటికి తీశారు.

అన్నిటికంటే పెద్ద మర్యాద ఎఫ్.ఎ.క్యూ., అంటే తరచూ వచ్చే ప్రశ్నల జాబితా. ఒకే ప్రశ్న వందసార్లు వస్తే విసుక్కోవడం మానేసి, ఎవరో ఒకరు కూర్చుని అన్నిటికీ జవాబులు ఒకచోట రాసి నెలకోసారి గుంపులో పెట్టేవారు. తప్పులుంటే చదివినవాళ్ళు దిద్దేవారు. ఇలాంటివన్నీ ఎం.ఐ.టి.లో ఒక సర్వరులో దాచి పెట్టారు, ఎవరైనా తెచ్చుకోవచ్చు. ఇది చేసినవాళ్ళకి రూపాయి రాలేదు. పైన వాళ్ళ పేరు ఉండేది, అదే వాళ్ళకి దక్కినది. గుంపులో పెద్దరికం అలా వచ్చేది. ఎక్కువ మాట్లాడినవాళ్ళకి కాదు, జాబితా మోసినవాళ్ళకి.

ఇలాంటి చోట ఎంత పెద్ద పనులు మొదలయ్యాయో ఒక నెల చూస్తే చాలు. 1991 ఆగస్టు 6న టిమ్ బెర్నర్స్-లీ ఒక న్యూస్‌గ్రూపులో, వరల్డ్ వైడ్ వెబ్ అనే ప్రాజెక్టు చేస్తున్నాం, సహకరించేవాళ్ళు రండి అని రాశాడు. అదే నెల 25న హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ ఇంకో గుంపులో, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి చేస్తున్నాను, ఇది సరదాకే, మీకు ఏముంటే బాగుంటుందో చెప్పండి అని అడిగాడు. అదే లినక్స్. రెండూ ప్రకటనల్లా లేవు. తెలిసినవాళ్ళని సలహా అడిగినట్టు ఉన్నాయి.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. ఇది కొంచెం వివరంగా రాస్తాను.

90ల మొదట్లో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకునే తెలుగు విద్యార్థుల పరిస్థితి ఊహించుకోండి. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే నిమిషానికి డాలరు పైనే. ఉత్తరం వెళ్ళడానికి రెండు వారాలు, జవాబు రావడానికి ఇంకో రెండు వారాలు. చిన్న ఊళ్ళలో అయితే తెలుగు మాట వినబడక నెలలు గడిచేవి. కంప్యూటర్లలో తెలుగు లిపి లేదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు గాని మా స్క్రీన్ల మీదికి అది రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. సమాజం పాయలో భారతీయుల గుంపు కింద తెలుగువాళ్ళకి విడిగా ఒక గుంపు వచ్చింది. దాని పేరు సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు, పొడుగు కాబట్టి ఎస్.సి.ఐ.టి. అనేవాళ్ళం. అక్కడ తెలుగు రాయాలంటే ఇంగ్లీషు అక్షరాలే గతి. ఒకళ్ళు రాసినట్టు ఇంకొకళ్ళు రాయరు. పాటకీ పాతకీ తేడా తెలిసేది కాదు.

హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగు విద్యార్థులు దీనికి ఒక పద్ధతి ఏర్పరిచారు. దాన్ని ఆర్.టి.ఎస్. (రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్) అనేవాళ్ళం. చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. చిన్న ఎన్ అయితే న, పెద్దది అయితే ణ. ల, ళ కూడా అంతే. దీర్ఘానికి పెద్ద ఏ. అందరి కీబోర్డులోనూ ఉన్న అక్షరాలతోనే మన అచ్చులు, హల్లులు దాదాపు అన్నీ పట్టేశారు. దాన్ని తెలుగు లిపిలోకి మార్చి లేజర్ ప్రింటర్ మీద అచ్చుతీసే ప్రోగ్రాములు కూడా వచ్చాయి. ఇంగ్లీషు గుంపుల్లో పెద్ద అక్షరాలతో రాస్తే అరుస్తున్నావని తిట్టేవారు. మా గుంపులో పెద్ద అక్షరం రాయకపోతే తప్పు. ఇప్పుడు మీరు కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే పరికరాల్లో కొన్నిటికి మూలం అక్కడుంది.

నేను మొదటిసారి ఆ గుంపు చూసింది డిసెంబరులో ఒక రాత్రి, సెలవులకి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయిన ల్యాబులో. నల్ల స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు. ఒక పోస్టు తెరిస్తే మొదట ఏమీ అర్థం కాలేదు, చిన్నా పెద్దా అక్షరాలు కలగాపులగంగా ఉన్నాయి. పెదాలు కదుపుతూ మెల్లగా పైకి చదివాను. రెండో వాక్యానికి అది తెలుగయింది. ఆ రాతని కంటితో చదవలేం, నోటితోనే చదవాలి. మూడు నెలల తర్వాత నా నోట్లోంచి వచ్చిన తెలుగు అది. ఎవరో గోంగూర పచ్చడి గురించి రాసుకున్నారు, అంతే. తెల్లవారేదాకా అక్కడే కూర్చున్నాను.

ఒక పద్యం సంగతి చెప్పాలి. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న పద్యం ఒకాయన గుర్తున్నంత మేర పెట్టి, మూడో పాదంలో ఒక మాట పోయింది, ఎవరికైనా వచ్చా అని అడిగాడు. మర్నాడు ఇద్దరు రెండు వేరువేరు మాటలు చెప్పారు. ఒక పెద్దాయన, ఇది ఉత్పలమాల కదా, మొదటి మాట పెడితే పదో అక్షరం దగ్గర యతి కుదరదు, రెండోది కుదురుతుంది గాని అర్థం నప్పదు అని రాశాడు. చర్చ అక్కడ నిలిచిపోయింది. నెల దాటాక ఒకమ్మాయి, మా నాన్నగారికి ఉత్తరం రాశాను, ఆయన పుస్తకం చూసి రాసి పంపారు, ఇదిగో అని పాదం మొత్తం పెట్టింది. ఇద్దరు చెప్పిందీ తప్పే. ఒక మాట కోసం నాలుగు రాష్ట్రాల్లో ఉన్న మనుషులు, వాళ్ళతో పాటు ఆంధ్రలో ఉన్న ఒక నాన్నగారు నెలకు పైగా ఆగారు. ఆ తర్వాత వాళ్ళలో ఎవరి పేరు కనబడినా నాకు మా వీధివాళ్ళు కనబడినట్టు ఉండేది.

ఆ పేర్లు స్క్రీన్ మీదే ఉండిపోలేదు. ఫలానా తేదీన ఫలానా ఊరి ఎయిర్‌పోర్టులో దిగుతున్నాను, ఎవరూ తెలియదు అని రాస్తే కారు వేసుకుని వచ్చినవాళ్ళున్నారు. ఇండియా వెళ్తున్నాను, కిలో బరువు దాకా ఎవరిదైనా తీసుకెళ్తాను అని రాసినవాళ్ళున్నారు. నేను కూడా ఒకరి అమ్మగారికి మందులు పట్టుకెళ్ళి, తెనాలి బస్టాండులో వాళ్ళ తమ్ముడి చేతికిచ్చాను. ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

గొడవలు లేవా అంటే బోలెడు. కులం మీద, ప్రాంతం మీద, యాస మీద. మాటకి మాట రాసినట్టే రాయగలిగిన పద్ధతి కాబట్టి, కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన తన ఇంటి భాషలోనే, పోయిండు, చేసిన్రు అని రాసేవాడు. మంచి తెలుగు రాయమని ఒకరు ఎగతాళి చేశారు. నాకు కోపం వచ్చి, ఎగతాళి చేసినాయన మీద ఆ రాత్రి రెండు పేజీలు రాసి గుంపులో పెట్టేశాను. అందులో రాయకూడని మాటలు కూడా రాశాను. గంటలోపు ఒక పెద్దాయన దగ్గర్నుంచి నాకు విడిగా ఈమెయిలు వచ్చింది. "బాబూ, మీరు చెప్పదలుచుకున్నది న్యాయమే. కానీ ఆఖరి పేరా వల్ల మొదటి పేరా ఎవరూ చదవరు. పొద్దున కాఫీ తాగి మళ్ళీ ఒకసారి చూసుకోండి." ఆయన గుంపులో నన్ను ఒక్క మాట అనలేదు. వెంటనే ఆ పోస్టు రద్దు చేశాను. కానీ రద్దు కబురు కూడా పోస్టులాగే యంత్రం నుంచి యంత్రానికి నడుచుకుంటూ వెళ్ళాలి. నా మాటలు ముందు పోయాయి, రద్దు వెనకపడింది. కొన్ని చోట్ల అది మిగిలే ఉంది, రెండు వారాల దాకా జవాబులు వస్తూనే ఉన్నాయి. మాట వెనక్కి తీసుకోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కరీంనగర్ ఆయన మాత్రం తన భాషలోనే రాస్తూ పోయాడు. పరీక్షల్లో ఏనాడూ రాయనివ్వని భాష ఇక్కడ రాస్తున్నానని ఒకసారి నాకు ఈమెయిలు చేశాడు.

తర్వాత సాహిత్యం ఇష్టమున్నవాళ్ళు తెలుసా అనే ఈమెయిలు లిస్టులోకి, ఆ తర్వాత యాహూ గ్రూప్స్‌లో రచ్చబండలోకి చేరారు. ఇలా కలిసినవాళ్ళలోంచే 1998లో ఈమాట అనే వెబ్ పత్రిక వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం అప్పటికే చేతికి అలవాటైన మనుషులు ఉండడం దానికి ఎంతో కలిసొచ్చింది.

అలాగని అది స్వర్ణయుగం అని నేను అనను. అక్కడున్నవాళ్ళం ఎవరం? ఇంజనీరింగు చదివి, వీసా దొరికి, యూనివర్సిటీ అకౌంటు ఉన్నవాళ్ళం. ఆడవాళ్ళు చాలా తక్కువ, రాసిన కొద్దిమందికి అక్కర్లేని ఈమెయిళ్ళు వచ్చేవి. ఇండియాలో మామూలు జనానికి వీఎస్‌ఎన్‌ఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పుడు కూడా అది డబ్బున్నవాళ్ళకే. తెలుగు మీడియంలో చదివిన మనిషి మాట మాకు ఏళ్ళ తరబడి వినబడలేదు. మేం తెలుగువాళ్ళ గుంపు అని చెప్పుకున్నది నిజానికి తెలుగువాళ్ళలో పిడికెడు మంది గుంపు.

దెబ్బతిన్నది ఎలాగో క్లుప్తంగా చెప్తాను. ప్రతి సెప్టెంబరులోనూ కొత్త విద్యార్థులు వచ్చి తెలియక తప్పులు చేసేవారు, రెండు నెలల్లో పాతవాళ్ళు నేర్పేవారు. 1993-94 నుంచి, ఇళ్ళకి నెట్ కనెక్షన్ అమ్మే ఏఓఎల్ లాంటి కంపెనీల చందాదారులు లక్షల్లో రావడం మొదలయ్యాక నేర్పేవాళ్ళు చాలలేదు. అందుకే దాన్ని ముగియని సెప్టెంబరు అన్నారు. కొత్తవాళ్ళది తప్పు కాదు, వాళ్ళకి ఆ మర్యాదలు చెప్పే బాధ్యత ఆ కంపెనీలు తీసుకోలేదు. 1994 ఏప్రిల్ 12న అరిజోనాకి చెందిన కాంటర్, సీగెల్ అనే లాయరు దంపతులు గ్రీన్ కార్డ్ లాటరీ ప్రకటనని వేల గుంపుల్లో ఒకేసారి పెట్టారు. భారత్‌లో పుట్టినవాళ్ళకి ఆ లాటరీలో అర్హత లేదని ఆ ప్రకటనలోనే ఉంది. జనం మండిపడ్డారు గాని దారి తెరుచుకుంది. 1995లో ఇంటర్నెట్ మర్యాదలన్నీ ఒక పత్రంగా రాసిపెట్టారు. అప్పటికే వినేవాళ్ళు తగ్గారు.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇంకొకటి. ఎవరిదీ కాని చోట రాసిన మాటలు చాలావరకు మిగిలాయి. టొరంటో యూనివర్సిటీలో హెన్రీ స్పెన్సర్ 80ల నాటి యూజ్‌నెట్ పోస్టులు టేపుల మీద దాచాడు కాబట్టే 1981 నుంచి చదవగలుగుతున్నాం. ఒక కంపెనీ చేతిలో పెట్టిన మాటలు అలా మిగల్లేదు. యాహూ గ్రూప్స్‌లో ఉన్నవన్నీ తీసేస్తామని 2019లో చెప్పారు, 2020 డిసెంబరులో మొత్తం మూసేశారు. ముందు జాగ్రత్తగా ఎవరో ఒకరు దింపుకున్న గుంపులు తప్ప, మిగతావాటిలో మనవాళ్ళు ఏళ్ళ తరబడి రాసుకున్నవి పోయాయి. నేను చూసుకున్న లిస్టులో మూడేళ్ళ ఉత్తరాలు నా దగ్గర లేవు. దింపుకోవాలని నాకు తట్టలేదు.

ఇక మీ బ్యాచ్ గ్రూపు. వాట్సాప్ వల్ల పాడైందని నేను అనుకోను. అందులో చెయ్యడానికి ఎవరికీ పని లేదు, నిన్నటి మాట ఇవాళ వెతికితే దొరకదు. అందుకని ముందు మాటలు నిలిచే చోటు ఒకటి పెట్టుకోండి. అందరూ చూడగలిగే గూగుల్ డాక్ అయినా చాలు, నెలకోసారి కాపీ దింపి ఇద్దరి దగ్గర ఉంచండి. ఎవరైనా హద్దు దాటితే గ్రూపులో అనకండి, విడిగా ఫోన్ చెయ్యండి, ఆ పెద్దాయన నాకు చేసినట్టు. ఎప్పుడూ మాట్లాడనివాళ్ళని నిలదీయకండి. చదువుతున్నారు, అది చాలు. గుడ్ మార్నింగ్‌లు పెట్టేవాళ్ళని తీసెయ్యకండి. వాళ్ళు ఉన్నామని చెప్తున్నారు, చేతికి పని ఇస్తే వాళ్ళే ముందు చేస్తారు.

పని ఏమిటంటారా? ఆ డాక్‌లో మీరు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ సబ్జెక్టు ఏ మాస్టారు, ఏ టీచరమ్మ చెప్పారో గుర్తున్నంత వరకు పట్టికలా రాయండి. గుర్తులేని గళ్ళు ఖాళీగా వదిలెయ్యండి, మీరు ఊహించి పూరించవద్దు. గ్రూపులో ఒక్క మాట పెట్టండి, ఎనిమిదో తరగతి సోషల్ ఎవరు చెప్పారో ఎవరికైనా గుర్తుందా అని. వారం ఆగండి. ఏమైందో ఇక్కడే రాయండి, చూస్తూ ఉంటాను.